రాహుకాలంలో విప్పిన పెట్టె

(తొమ్మిదవ భాగం)

కొల్లప్పనూ, అతని భార్య మారక్కనూ గురువారం పొద్దు వాలే వేళకు వెంకటరాముడి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వదిలాం. తెల్లవారినా వాళ్ళు అక్కడి నుంచి కదలలేదు. తుమకూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మారక్క గర్భసంచిలో గడ్డ ఉంది, ఉగాదికి ముందునుంచీ రక్తం పోతోంది, ఇంకా జాగు చేస్తే ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదు, కాబట్టి శుక్రవారం సాయంత్రంలోగా వచ్చి చేరమని ఆమె చెప్పింది. వెంకటరాముడి కంప్యూటర్ చెప్పినది వేరు. శని అంతర్దశ నడుస్తోందనీ, ఇంకా ఆరు నెలలు ఉందనీ, శస్త్రభయమనీ అది చెప్పింది. ఆ మాట వరకూ అచ్చయి ప్రింటరు ఆగిపోయింది. చేతికొచ్చిన సగం కాగితానికి కొల్లప్ప భయపడ్డాడు. రాని సగంలో పరిహారం ఏదైనా ఉంటుందేమోనని ఆశపడ్డాడు. ఆ ఆశ కొద్దీ అరుగు మీదే ఉండిపోయాడు. యంత్రం బాగుపడితే తప్ప ఆ సగం రాదు. అందువల్ల వెంకటరాముడు, మనసులో ఇష్టం లేకపోయినా, ఆంజనప్పకు కబురు పెట్టవలసి వచ్చింది.

ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది. ఆంజనప్ప టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితమంతా గడిపి, ముందు రిలేలనూ తరువాత ఎలక్ట్రానిక్ పలకలనూ బాగుచేసి, రిటైరై, కర్ణాటక అంచున ఉన్న ఈ పావగడలోనే స్థిరపడిన మనిషి. ఊళ్ళో ఆయనకు 'దేవుడు లేడనే యప్ప' అని పేరు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. ఒకప్పుడు అడిగినవారికల్లా తన వాదం ఓపికగా వినిపించేవాడు. వానలు లేని ఏళ్ళు వరుసగా వచ్చి, ఊరూరా బోర్లు ఎండిపోయి, జనం దేన్ని పట్టుకుని బతుకుతున్నారో కళ్ళారా చూశాక వాదించడం తగ్గించాడు. అభిప్రాయం మాత్రం అలాగే ఉంది. దాన్ని పదిమందిలో మోసుకు తిరగడానికి ఓపిక లేదు, అంతే.

శుక్రవారం ఉదయం ఆయన భుజాన గుడ్డసంచితో వచ్చేసరికి కొల్లప్ప అరుగు చివర గొంతుకూర్చుని ఉన్నాడు. మారక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులకూ ముఖానికీ రంగులో తేడా లేదు. ఆంజనప్ప ఒక్క క్షణం నిలబడి చూసి లోపలికి వెళ్ళాడు.

ముందుగదిలో బల్ల మీద కంప్యూటర్ ఉంది. తెరకు అడ్డంగా మూడు విభూతి రేఖలు. కింద పెట్టెకు నాలుగు ముఖాలా కుంకుమ. పైన వాడిపోయిన కనకాంబరాల మాల, నిమ్మకాయ. వెంకటరాముడు ఇంతకుముందు చెనిక్కాయలు, అదే వేరుశనగలు, పొట్టు కొట్టే మిషన్ నడిపేవాడు. కొట్టడానికి కాయలు రాని ఏళ్ళు వచ్చాక మిషన్ అమ్మి దీన్ని కొన్నాడు. శనివారాల్లో శనిదేవుడి గుడికి వచ్చేవాళ్ళు ఈ వీధిలోనే నడుస్తారు, గుమ్మం మీద 'కంప్యూటర్ జాతకం' అని కన్నడంలో రాసిన బోర్డు చూసి ఆగుతారు. వెంకటరాముడిని మోసగాడని అనుకుంటే పొరపాటు. అతను తన యంత్రాన్ని, దాని దగ్గరకు వచ్చినవాళ్ళకన్నా ఎక్కువగా నమ్మాడు.

"ముందు జబ్బేందో చెప్పప్పా," అన్నాడు ఆంజనప్ప, కుర్చీ లాక్కుని.

"మందగించినాదన్నా. పొద్దున స్విచ్చి ఏసి, పూజ చేసుకోని, ఉప్మా తిని, కాపీ తాగి వచ్చినా ఇంగా తెరుచుకోదు. ఒక జాతకం తీసేలోపల వచ్చినోళ్ళు కూచున్న తావునే నిద్రపోతారు. వైరస్ అంటారే, అది పట్టుకునిందని చెప్పినారు."

"ఎవరు చెప్పినారు?"

"ప్రింటరు రిబ్బన్లు అమ్మే ఆయన."

లోపలి గది గడపలో వెంకటరాముడి భార్య గంగక్క చేట పట్టుకుని నిలబడి ఉంది. "ఈయప్పకు ఎవురేం చెప్పినా నిజమేన్నా. పోయిన నెల ఎవురో దిష్టి తగిలిందన్యారు. గుమ్మడికాయ తెచ్చి దాని ముందరే పగలగొట్టినాడు. ఆ అక్షరాల పలక తిరగేసి చూడు, ఇంగా గింజలుండాయి."

"ఊరుకో గంగా."

"నేనెందుకు ఊరుకోవాల? కూరన్నా చేసుంటే ఇంటిల్లిపాదీ తినుంటిమి."

ఆంజనప్ప కీబోర్డు తిరగేసి తట్టాడు. రెండు గింజలు రాలాయి. వాటిని బల్ల అంచుకు జరిపి, కరెంటు తీసి, పెట్టె మేకులు విప్పాడు. మూత తీయగానే గదిలో సాంబ్రాణి వాసన లేచింది. లోపల పలకల మీద నల్లని మసి పేరుకుని ఉంది, మసి మీద కుంకుమ, కుంకుమ మీద వెనకటి మిషన్ నాటి చెనిక్కాయ పొట్టు. ప్రాసెసర్‌ను చల్లబరచే చిన్న ఫ్యాను జిడ్డుకు బిగుసుకుపోయింది. వేలితో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగింది.

"సాంబ్రాణి ఏ పక్క పడతావు వెంకటరాముడూ?"

"ఎనకపక్కనే. గాలి పీల్చుకునే చిల్లులు ఉండేది ఆడే గదా. ముందర పడితే దానికేం తెలుస్తాది?"

ఇందులో తర్కం లేకపోలేదు. యంత్రం ఊపిరి తీసే చోటు కనిపెట్టి, రోజూ సరిగ్గా అక్కడే పొగ పట్టాడు. ఆంజనప్పకు నవ్వు రావలసింది. అరుగు మీద కూర్చున్న ఆమె కళ్ళలో మెదిలి నవ్వు రాలేదు. కుంచెతో దులిపాడు, స్పిరిట్ తడిపిన గుడ్డతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచాడు. ఆయన చేతులు మణికట్టు దాకా ఎర్రగా అయ్యాయి. వెంకటరాముడు వచ్చి మాలను రెండు చేతులతో తీసి దేవుడి గూట్లో పెట్టాడు.

తరువాత ఆంజనప్ప తన సంచిలోంచి ఫ్లాపీ తీసి దాని మూల ఉన్న చిన్న మీటను జరిపాడు. "దీనిమీద ఏదీ రాయకుండా అడ్డం పెట్టినా. నీ మిషన్లో ఏముండినా ఇందులోకి ఎక్కలేదు. ఇప్పుడు నీ డిస్కును లేపకుండా, దీన్నుంచే మిషన్ని లేపుతా. జబ్బు మనిషిని ఆయన జబ్బేందో ఆయన్నే అడిగితే నిజం రాదు గదా."

ఆ పరీక్షలో వైరస్ దొరికింది. ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్న జాతకాల ఫ్లాపీ మీద అది వచ్చింది. యంత్రం లేవగానే మొదట చదివే చోటును పట్టుకుని, పెట్టిన ప్రతి ఫ్లాపీకీ తనను తాను అంటించుకుంటూ కూర్చుంది.

"ఉండాదా?" అన్నాడు వెంకటరాముడు. అతని గొంతులో భయంతో పాటు కొంత తృప్తి కూడా ఉంది.

"ఉండాది. తీసేసినా. కానీ నీ మిషన్ మందగించేకి ఇదొకటే కారణం కాదు. ఇది చేసేది కొంతే. డిస్కంతా విరిగిన ఫైళ్ళుండాయి. ఇన్ని విరగ్గొట్టాలంటే మనిషే పూనుకోవాల." ఆయన డిస్కు పరీక్ష మొదలుపెట్టాడు. నీలి తెర వచ్చింది. అడుగున పసుపు గీత నత్తలా సాగడం మొదలైంది. "సాయంత్రం మిషన్ని ఎట్ల ఆపుతావు?"

"సాయంత్రం గాదు, ముందే ఆపుతా. మెయిన్ స్విచ్చి ఉండాది గదా గోడకు."

"లోపల మూసేది మూసి, తరువాత స్విచ్చి తీస్తావా?"

"అంత టైం యాడిదన్నా? రాహుకాలం వస్తే ఆపాల. మనకు పనుండాదని రాహువు గుమ్మం కాడ నిలబడతాడా?"

ఆంజనప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "రోజూనా?"

"రోజూ. ఆ గంటన్నర ఆపేస్తా, మళ్ళా ఏస్తా. పంచాంగం చూసే చేస్తాండాను, ఒక్క దినమూ తప్పలేదు."

ఎక్స్ఛేంజిలో ఎన్నో లోపాలను వెతికి పట్టుకున్న ఆంజనప్పకు ఇటువంటి లోపం ఎదురు కాలేదు. యంత్రం తెరిచిన వాటిని మూసుకునే వ్యవధి ఇవ్వకుండా రోజూ దాని ఊపిరి ఆపారు. మళ్ళీ లేచినప్పుడు అది తన దెబ్బలను తానే లెక్కపెట్టుకోబోతుంది. జాతకాలకు ఆలస్యమవుతోందని వెంకటరాముడు ఏదో ఒక మీట నొక్కి ఆ లెక్కను ఆపేస్తాడు. నయంకాని దెబ్బల మీద మర్నాడు పంచాంగం ప్రకారం మళ్ళీ దెబ్బ. వైరస్ అయినా ఒక్కోసారి అలసి ఊరుకోవచ్చు, ఈ నియమం ఒక్కరోజూ ఊరుకోదు.

ఆయన ఇదంతా చెప్పలేదు. "నీ మిషన్ని చెడగొట్టింది రాహుకాలం కాదప్పా, రాహుకాలంలో నువ్వు తీసే స్విచ్చి," అని మాత్రం అన్నాడు.

వెంకటరాముడు గోడ గడియారం చూశాడు, తెర చూశాడు. పసుపు గీత సగం దగ్గర ఉంది. అతను లేచి గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుందని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

"తియ్యొద్దు," అన్నాడు ఆంజనప్ప.

"అన్నా, నువ్వు పెద్దోనివి. నీ మాట నాకు గౌరవమే. ఇది మాత్రం వద్దు. నా ఇంట్లో యంత్రం, నా తలమీద పడతాది."

"ఇప్పుడు తీస్తే మధ్యలో తెగిపోతుంది. ఇంక దీనిలోంచి తీసేకి ఏమీ మిగలదు. ఆయమ్మ కాగితం మిగతా సగం కావాలని పిలిపించింది నువ్వే."

"గంటన్నర ఓర్చుకుంటే ఏమవుతాదన్నా?"

"ఆమెనడుగు."

ఎవరూ అడగలేదు. మారక్క అరుగు మీద నుంచి, కళ్ళు తెరవకుండానే అంది. "రానీయన్నా రాహువుని. ఎండలో నిలబెట్టేది ఏం మర్యాద? ఆయనా వచ్చి కూచోనీ, మేమందరం లేమా?"

గంగక్క చేట మొగానికి అడ్డం పెట్టుకుంది. స్విచ్ మీది చెయ్యి తీయడానికి వెంకటరాముడికి చాలాసేపు పట్టింది. తీశాక ఆ చేతిని పంచెకు తుడుచుకుని, "నా కండ్ల ముందర వద్దు," అంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నీళ్ళు లేని తొట్టి గట్టు మీద అతను ఇటు వీపు పెట్టి కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. రాహుకాలం వచ్చింది. పసుపు గీత సాగుతూనే ఉంది.

పరీక్ష ముగిసి యంత్రం తన డిస్కు మీదనే మళ్ళీ లేచేటప్పుడు, మొదట నల్ల తెర మీద ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చి ఆగింది.

"అది రోజూ వస్తాది," అంది గంగక్క. "ఎఫ్ పక్కన ఒకటి అంకె ఉండే మీట చూడు, అది ఒత్తితే పోతాది. ఈయప్ప దండం పెట్టుకోని ఒత్తుతాడు."

ఆంజనప్ప ఒత్తలేదు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, మళ్ళీ పెట్టెలోకి వంగి, పలక మీద ఉన్న నాణెమంత బ్యాటరీని వేలితో తాకి చూశాడు. చచ్చిపోయి ఎంత కాలమైందో. కరెంటు లేని వేళల్లో యంత్రానికి కాలం గుర్తుచేయవలసింది ఆ బిళ్ళే. అది లేక, స్విచ్ వేసిన ప్రతిసారీ యంత్రం తాను ఎరిగిన మొట్టమొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టింది. తేదీ చూశాడు. వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి. ఆ ఇంట్లో కంప్యూటర్‌కు ప్రతి ఉదయమూ అదే ఉదయం.

జాతకాల ప్రోగ్రాము తెరిచాడు. పుట్టిన తేదీ, వేళ, ఊరు అడుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న దశ తీయడానికి ఈనాటి తేదీ కావాలి. అది ఎవరినీ అడగదు, యంత్రంలోని గడియారాన్నే అడుగుతుంది. ఆంజనప్ప కొల్లప్పను లోపలికి పిలిచాడు. మారక్క కూడా గోడ పట్టుకుని లేచి వచ్చి గడపలో కూర్చుంది.

"నీకిచ్చిన కాగితంలో ఉన్న దశ ఇప్పటిది కాదప్పా. ఇది పందొమ్మిదేండ్ల కిందటి దినం అనుకుంటా ఉండాది ఈ మిషన్. అప్పటికి లెక్క గట్టింది."

కొల్లప్పకు వెంటనే అందలేదు. "అంటే శని?"

"ఆ శని ఉంటే గింటే అప్పుడుండాల. ఇప్పుడు కాదు."

మారక్క ఆలోచించింది. "అప్పుడు నాకు పెండ్లే కాలేదు. మా నాయన చేన్లో చెనిక్కాయలు పీకుతాంటి. ఆ యేడు వానలు బాగా పడినాయి. పీకి పీకి చేతులు బొబ్బలెక్కినాయి గానీ, కత్తుల భయమేం లేదు. తినేకే తీరిక లేదు." ఆమె ముఖంలో మొదటిసారి ఒక కదలిక వచ్చి, అంతలోనే పోయింది.

గంగక్క పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి ఆ సంగతి మొగుడికి చెప్పింది. వెంకటరాముడు లేచి వచ్చాడు గానీ నడిమింటి గడప దాటలేదు. అక్కడి నుంచి తెర కనిపించదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని అడిగాడు. "అందరికీ అట్లేనా అన్నా?"

"బ్యాటరీ పోయినప్పటి నుంచి అందరికీ."

"శనివారం శనివారం ఇంటినిండా జనం. పెండ్లికని, బోరుకని, బిడ్డలకని. పోయిన ఆడికృత్తిక పండగకు ముందు నుంచే ఆ ఎఫ్ ఒకటి అడుగుతాండాది." అతను రెండో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానుకున్నాడు. "అందరికీ పాత దశే చెప్పింటి. ఒక్కడు కూడా తిరిగొచ్చి, తప్పు చెప్పినావప్పా అనలేదే అన్నా."

ఆంజనప్ప జీవితమంతా వెతికిన వాక్యం అది. ఎన్ని సభల్లో, ఎన్ని టీ అంగళ్ళలో, ఎన్ని ఉదాహరణలతో ఆయన ఆ వాక్యం దగ్గరికి మనుషులను నడిపించాలని చూశాడో ఆయనకే గుర్తులేదు. ఇవాళ అది ఎవరూ లాగకుండా, విరిగిపోయిన ఒక మనిషి నోట వచ్చింది. ఆయనకు గెలిచినట్టు అనిపించలేదు. "కూచోప్పా," అన్నాడు. వెంకటరాముడు మళ్ళీ తొట్టి గట్టుకే పోయాడు.

కొల్లప్ప మాత్రం తేలికపడ్డాడు. నిన్నటి నుంచి బిగుసుకున్న అతని భుజాలు కిందికి దిగాయి. "అయితే ఆ కాగితం మాది గాదు. సరైన తేదీ పెట్టి మళ్ళా తియ్ సామీ. తుమకూరు బస్సు ఇంగా ఉండాది. బాగుంటే ఇట్లే పోతాం."

"నేను చెప్తా ఉండా విను కొల్లప్పా. తీసే పని లేదు. డాక్టరమ్మ చూసి చెప్పింది. ఈ మిషన్ ఆయమ్మను చూడలేదు."

"నువ్వు చెప్పేది నిజమే సామీ. అయినా ఒక్కసారి తియ్."

కొల్లప్ప కళ్ళలో మొండితనం లేదు. ఉంటే ఆంజనప్ప కోపపడి ఉండేవాడు. అందులో ఉన్నది వేడుకోలు. పెట్టె మూత బిగించి, తేదీ సరిచేసి, మారక్క పుట్టిన వివరాలు మళ్ళీ నొక్కాడు. శుభ్రపడిన యంత్రం ఈసారి గుటకైనా వేయకుండా జవాబిచ్చింది.

తెర మీద తెలుగు అక్షరాలు నిండాయి. సరిహద్దు అవతలి ఆంధ్రా నుంచి వచ్చిన ప్రోగ్రాము అది. కొల్లప్ప మాట్లాడేది తెలుగే అయినా చదివింది కన్నడ బడిలో, నాలుగో తరగతి దాకా. గంగక్కా అంతే. మారక్కకు ఏ అక్షరమూ రాదు. ఆ గదిలో తెలుగు చదవగలిగినవాడు ఆంజనప్ప ఒక్కడే. ఆయన చదివాడు.

కుజ మహాదశ ముగింపు. కుజ రాహు సంధి. ప్రాణభయం, శస్త్రఘాతం, రక్తస్రావం. పందొమ్మిదేళ్ళ కిందటి శని దీని ముందు దయామయుడు.

"బాగుండాదా సామీ?" అన్నాడు కొల్లప్ప.

ఒక్క మాట చాలు. బాగుందంటే ఆ దంపతులు బస్సెక్కుతారు, రేపు ఆమెకు ఆపరేషన్ అవుతుంది. చెప్పేది అబద్ధమైనా, దేని గురించి చెప్పేది? అబద్ధమే అయిన దాని గురించి. ఆంజనప్పకు ఈ వాదం అంతా క్షణంలో తోచింది. దానికి ఎదురువాదమూ తోచింది. ఈ తెరకు ఒకసారి సాక్ష్యం చెప్పినవాడు, రేపు ఇదే తెర ఇంకొకరిని ఆపితే ఏ నోటితో కాదంటాడు? పైగా వెంకటరాముడు గంట తరువాత లోపలికి వచ్చి ఇదే చదువుతాడు. ఆయన పెదవులు విడివడ్డాయి. ఏ మాట రాబోతున్నదో ఆయనకే స్పష్టంగా తెలియదు.

"ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు," అంది మారక్క. "బాగలేదని రాసింది. ఆయన మొగం చూస్తే తెలీలేదా నీకు?"

కొల్లప్ప ఆంజనప్పవైపు తిరిగాడు. ఆంజనప్ప, "అవునమ్మా, బాగలేదనే రాసింది," అన్నాడు.

కొల్లప్ప నేల మీద కూర్చుండిపోయాడు.

మారక్క గడప పట్టుకుని లేచింది. లేవడానికి ఆమెకు సమయం పట్టింది. గంగక్క చెయ్యి అందించబోతే వద్దంది. "పొద్దన్నించి చూస్తాండాను. ఆ మిషన్‌కు ఒళ్ళు బాగలేదని పెద్దాయన్ని పిలిపిస్తిరి. ఆయనొచ్చి మేకులు తీసి, దాని కడుపు తెరిచి, లోపల ఉండే మురికంతా తుడిచి, మళ్ళా మూసిపెట్టె. ఇప్పుడు బాగా పలుకుతాండాది. దాన్ని కోసేకి దశ ఎవురు చూసిరి? దాని జాతకం ఎవురు తీసిరి?" ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. "రాహుకాలం వచ్చినా కోత ఆపకపోతిరి. బతికింది."

"అది ఇనుమే మారా," అన్నాడు కొల్లప్ప, తలెత్తకుండా.

"ఇనుమునే అంత జాగ్రత్తగా చూసినారు అంటాండా."

అరుగు మీది గుడ్డమూట తీసుకుని చంకన పెట్టుకుంది. "నేను బస్సులో కూచుంటా. చేర్చుకునేకి మొగుడన్నా, తోడబుట్టినోడన్నా వచ్చి, నాయన పేరు రాసి సంతకం పెట్టాలని చెప్పినారు. తోడబుట్టినోళ్ళు నాకు లేరు. నువ్వు వస్తే వస్తివి. రాకుంటే ఆ ఆస్పత్రి మెట్ల మీదనే కూచుంటా. అరుగు మీద కూచునేది నాకు బాగా అలవాటాయ." మెట్లు దిగి, గోడల నీడ పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ బస్టాండు వైపు నడిచింది. గంగక్క చేట కింద పెట్టి, చెప్పులైనా లేకుండా ఆమె వెనక పోయింది.

"లేవప్పా," అన్నాడు ఆంజనప్ప. "భార్య నీది, కాళ్ళు నీవి."

కొల్లప్ప లేవలేదు. "మా నాయనకు దశ బాగలేదన్యారు సామీ. ఇనలేదు. నీళ్ళు అడుగంటినాయని బావిలో పూడిక తీసేకి దిగినాడు. తాడు పట్టుకోనుండింది నేనే. పైకి లాగితే పీనుగే వచ్చినాడు."

ఎండిన బావుల అడుగున ఎటువంటి గాలి నిలుస్తుందో, దీపం దించి చూసి ఉంటే ఆ మనిషి ఎలా బతికేవాడో ఆంజనప్ప చెప్పగలడు. చెప్పలేదు. తాడు పట్టుకున్న చేతులకు ఆ వివరణ చాలా ఆలస్యంగా అందుతుంది.

"ఈ చేత్తో సంతకం పెడితే, ఆడ ఏమన్నా అయితే, మళ్ళా నేనే..." కొల్లప్ప మాట ఆపి, రెండు మోకాళ్ళ మీద ఆంజనప్ప కుర్చీ దగ్గరికి జరిగాడు. "సామీ, నువ్వు ఏదీ నమ్మవు గదా."

"నమ్మను."

"నమ్మనోనికి దోషం అంటదంటారు. నువ్వు పో సామీ. దానికి అన్నవని చెప్పు. నువ్వు పెట్టు సంతకం. నీ చేత్తో అయితే దానికేం కాదు."

పెరట్లో తొట్టి గట్టు మీది నుంచి వెంకటరాముడు ఇటు తిరిగి చూస్తున్నాడు. అతను అంతా విన్నాడు.

నమ్మకం లేకపోవడాన్ని ఊరు ఇన్నాళ్ళూ ఆంజనప్పలో ఒక లోటుగా చూసింది. ఇప్పుడొకడు దాన్నే మహిమగా భావించి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇది తప్పని చెప్పాలి. నా చేతిలో ఏ శక్తీ లేదని చెప్పాలి. లేని చెల్లెలిని ఉందని రాయడం అబద్ధమనీ, అది నోటిమాట కూడా కాదు, కాగితం మీది అబద్ధమనీ, కొద్దిసేపటి కిందటే తెర ముందు తాను అటువంటిదే నోటితో అనడానికి వెనుదీశాననీ చెప్పాలి. ఒక్కొక్క వాక్యమూ ఆయన మనసులో తప్పుల్లేకుండా తయారైంది. బస్టాండులో తుమకూరు బస్సు హారన్ మోగింది. కండక్టరు మధుగిరి, తుమకూరు అని కన్నడంలో పిలవడం ఇక్కడికి వినిపిస్తోంది.

ఆంజనప్ప కంప్యూటర్‌ను లోపల మూయవలసినవన్నీ మూసి, పద్ధతిగా ఆపాడు. స్పిరిట్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కుంకుమ గోళ్ళ సందుల్లోంచి పోలేదు. సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, కొల్లప్పవైపు చూడకుండా అడిగాడు.

"మారక్క నాయన పేరేమప్పా?"